సంతకం అక్కర్లేదు

పోయిన వారం నేను ఫోర్ట్స్‌హైమ్ కోర్టు మెట్ల మీద ఆగిపోయాను. మీలో కొందరు నన్ను అప్పుడే గెలిపించేసి ఉంటారు, కొందరు ఇంటికి పంపించేసి ఉంటారు. తొందరపడకండి. మధ్యలో వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి లోపలికి వెళతాను.

నా పేరు రోజీనె మోర్లోక్. మాది డీట్లింగెన్. మా ఊరి మగవాళ్ళు చీకటితో లేచి పట్నంలోని నగల కార్ఖానాలకి నడిచిపోతారు. ఆడవాళ్ళం ఇంట్లోనే దీపం ముందు కూర్చుని గొలుసులు అతుకుతాం. ఆవగింజంత బంగారు రింగుకి టంకం పెట్టి, ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని మంట ఊదాలి. రోజుకి కొన్ని వందల రింగులు. పదహారేళ్ళు ఊదాను. కళ్ళు మసకబారాయి, ఊపిరి సగమైంది. ఇంకో రెండేళ్ళు ఊదితే ఊదడానికి నువ్వుండవు అన్నాడు మా ఊరి వైద్యుడు.

సరిగ్గా అప్పుడే హైడెల్‌బర్గ్ నుంచి డాక్టర్ ఓటీలియె రేఫస్ మా ఊరొచ్చింది. మందులిచ్చే డాక్టరు కాదు. మనుషులు కలిసి ఎలా బతుకుతారో, ఎవరి మాట చెల్లుతుందో, ఎందుకు చెల్లుతుందో చదివి పట్టా పుచ్చుకున్న మనిషి. నేను డాక్టరమ్మ అంటాను. ఆడవాళ్ళు రోజుకి ఎన్ని గంటలు పనిచేస్తారో ఇంటింటికీ తిరిగి రాసుకోవడం ఆవిడ పని. మావాళ్ళు ఆవిడకి ఒక్క నిజం చెబితే ఒట్టు. చేతిలో పటకారు పట్టుకునే, "మేమేం పని చేస్తామండీ, ఇంట్లో ఉంటాం" అన్నారు. అబద్ధం కాదు పాపం, వాళ్ళు అలాగే అనుకుంటారు. ఊరి మనిషి అడిగితే తప్ప నిజం రాదని తెలుసుకుని నన్ను ఏడాదికి ఉద్యోగంలో పెట్టుకుంది.

నేను దీపం ముందు నుంచి లేచాను. బడి నుంచి రాగానే నా పక్కన కూర్చుని రింగులు ఏరే నా తొమ్మిదేళ్ళ లీడియా కూడా లేచింది. నా తాపత్రయమంతా అదే. నేను మళ్ళీ ఆ బల్ల ముందు కూర్చుంటే అది కూడా కూర్చుంటుంది. నా కళ్ళు పోతే నా వాటా కూడా అదే చేస్తుంది.

నా మొగుడు గాట్లీబ్ కార్ఖానా పనివాడు. మనిషి చెడ్డవాడు కాదు, భయస్థుడు. పెళ్ళాం ఎక్కడైనా పనికి ఒప్పుకుంటే, అది కాపురానికి చేటని చెప్పుకుని మొగుడు ఆ ఒప్పందాన్ని కోర్టు ద్వారా రద్దు చేయించొచ్చని మా కొత్త చట్టంలో ఉంది. ఆ చట్టం పట్టుకుని అతను నా ఉద్యోగం మీద అర్జీ పెట్టాడు. దానికి ఒక్కటే అడ్డు. మొదట్లో తానే సరేనని ఉంటే ఇప్పుడు కాదనడానికి లేదు.

అదీ కథ. ఇక లోపలికి వెళదాం.

*

నడవాలో రెండు బల్లలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదాని మీద గాట్లీబ్, వాళ్ళమ్మ. ఆవిడ చర్చికి వేసుకునే నల్ల గౌను తొడుక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వంక చూస్తోంది. కోడలు ఇల్లు వదిలి తిరగడం వల్ల సంసారం పాడైందని సాక్ష్యం చెప్పించడానికి గాట్లీబే వెంటబెట్టుకొచ్చాడు. ఇంకో బల్ల మీద డాక్టరమ్మా నేనూ. పొద్దున్న పది గంటలు.

గుమాస్తా కాగితాల కట్ట పట్టుకుని అటు పోతూ నా ముందు ఆగాడు.

"ఒప్పందం కాగితం బయటికి తీసి ఉంచుకోండమ్మా. మీ ఆయన సంతకం ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది, భోజనం వేళకి ఇంటికెళ్ళొచ్చు."

డాక్టరమ్మ సంచిలోంచి కాగితం తీసింది, కానీ నాకివ్వలేదు. నేనే లాక్కుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాను. కింద నా సంతకం ఉంది, ఆవిడ సంతకం ఉంది. వాటి కింద అచ్చులో 'భర్త సమ్మతి' అని ఒక వరస. ఆ వరస మీద నల్ల సిరాతో ఇంత లావు గీత. ఈ కాగితం రాసుకున్న సాయంత్రం దీపం వెలుగులో నా కళ్ళకి అది ఆనలేదు.

"ఇదేంటి డాక్టరమ్మా?"

"నేనే కొట్టేశాను."

"ఎప్పుడు?"

"ఆ సాయంత్రమే. నాకు ఆపిల్ రసం తెస్తానని మీరు నేలమాళిగలోకి దిగారు." ఆవిడ గొంతు తగ్గించింది. "మీ ఆయన చేతులు తుడుచుకుని కలం తీసుకున్నారు. నేను కాగితం వెనక్కి తీసుకున్నాను."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"ఆయన పెడతానన్నాడా?"

"అన్నారు."

"పెడతానన్నవాణ్ణి మీరు వద్దన్నారా?"

"సంతకం అక్కర్లేదు మోర్లోక్ గారూ, ఈవిడ చిన్నపిల్ల కాదు అన్నాను."

నేను నిలబడే ఉన్నాను. ఎదురు బల్ల మీద గాట్లీబ్ తన టోపీ అంచు తిప్పుతున్నాడు. ఆ సాయంత్రం నుంచే అతను నాతో మాట తగ్గించాడు. ఎందుకో నాకు తెలియలేదు. కాళ్ళు నొప్పులనుకున్నాను, తాగుడనుకున్నాను, సారాకొట్టు దగ్గర ఎవరో ఏదో అన్నారనుకున్నాను. మనిషి కలం చేత్తో పట్టుకుని అలా ఉండిపోయాడన్నమాట, సొంత వంటింట్లో, సొంత తల్లి ముందు. పరాయి ఆడమనిషి వచ్చి నీ సంతకం మాకెందుకయ్యా అని చెప్పింది.

"ఎందుకు చేశారమ్మా అలా?"

"అడిగితే ఆ హక్కు ఆయనకి ఉందని నేను ఒప్పుకున్నట్టు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పదేళ్ళుగా నేను రాస్తున్నది అదే రోజీనె గారూ. ఇంట్లో ఆఖరి మాట ఒక్కరిదే అయినప్పుడు, ఆ ఒక్కరు ఎంత మంచివాళ్ళయినా, రెండోవాళ్ళకి దక్కేది దయే. బయట మేస్త్రీకి తల వంచినవాడు ఇంటికొచ్చి తల ఎత్తుకోవడానికి ఇంకో తల వంచుతాడు. అది ఆయన్ని కూడా పాడుచేస్తుంది. మీ చేత ఆ దయ అడిగించడం నాకు చేతకాలేదు."

అబద్ధమేం చెప్పలేదు. ఆవిడ చెప్పిన ప్రతి ముక్కా మా ఇంట్లో నేను చూసిందే. పదహారేళ్ళు చూసినా నాకు మాట దొరకనిదాన్ని ఆవిడ నిమిషంలో చెప్పేసింది. అందుకే నాకు మరింత మండింది.

"బాగానే ఉంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు."

"నాకు తెలుసు."

"మీకేం తెలుసండీ? ఒడ్డున నిలబడి ఈత చెబుతున్నారు మీరు. నేను మునిగితే మీ పుస్తకంలో ఓ పేజీ అవుతాను. చాలా మంచి పేజీ అవుతాను, అందరూ చదివి కళ్ళు తుడుచుకుంటారు. నాకు కావలసింది పేజీ కాదు. అడుక్కుంటానో, కాళ్ళు పట్టుకుంటానో, నా పిల్ల బల్ల ముందు కూర్చోకపోతే చాలు నాకు. నా తరఫున సిగ్గుపడమని మిమ్మల్ని ఎవరడిగారు? నన్ను ఒక్క మాట అడిగారా?"

ఆవిడ కళ్ళజోడు చేతిలోనే పట్టుకుని తల దించుకుంది. హైడెల్‌బర్గులో పెద్ద పెద్దవాళ్ళకి జవాబు చెప్పిన మనిషి.

"లేదు," అంది. "మిమ్మల్ని అడగలేదు. ఆయన మిమ్మల్ని అడగకుండా చేసేదే నేనూ చేశాను."

గుమాస్తా తలుపు తీసి మా పేర్లు పిలిచాడు.

*

పెద్ద హాలు కాదది. ఓ గది, ఓ పొయ్యి, గోడ గడియారం, బల్ల వెనక జలుబు చేసిన ముసలి జడ్జి. దగ్గుబిళ్ళ చప్పరిస్తూ గాట్లీబ్ అర్జీ చదివాడు. ఇల్లు పట్టదు, వంట వేళకి కాదు, పిల్లని చూడదు. ఎవరో ప్లీడరు గుమాస్తా రాసిచ్చిన అర్జీ. లీడియా పేరు కూడా తప్పు రాశాడు.

"మోర్లోక్, ఇవన్నీ అందరూ రాసేవే," అన్నాడు జడ్జి. "అసలు సంగతేమిటి?"

గాట్లీబ్ టోపీ నలిపాడు.

"మా ఓనరు పిలిచి చెప్పాడండి. నీ పెళ్ళాం నా పని చేసే ఇళ్ళకి పోయి గంటలు లెక్కపెడుతోంది, నేను నీ రోజులు లెక్కపెడతాను అని. దారిలో తోటివాళ్ళు వెనకాల నడుస్తూ నన్నే అడుగుతారు, ఏరా, ఇవాళ బయటికెళ్ళడానికి మీ ఆవిడ పర్మిషన్ ఇచ్చిందా అని. కొండ ఎక్కినంతసేపూ అదే. నేను ఎన్నాళ్ళు నవ్వను?"

"ఒప్పందం చేసుకున్నప్పుడు మీరు సరే అన్నారా?"

"లేదండి. సంతకమే లేదు. ఆ వరసే కొట్టేసి ఉంది, చూడండి."

నా వంక చూడకుండా అన్నాడు. డాక్టరమ్మ లేచి జరిగింది జరిగినట్టు చెప్పింది. తాను గీత కొట్టిన సంగతి కూడా దాచలేదు. జడ్జి విని తల ఊపాడు.

"మీరు ఒప్పందంలో రెండోవారు. మీ మాట మీకే లాభం. దాన్ని నేను ఎంతని తూచను? ఇంకెవరైనా ఉన్నారా అప్పుడు?"

ఉన్నది మా అత్త ఒక్కతే, ఆవిడేమో గాట్లీబ్ తెచ్చుకున్న సాక్షి. ఇక అయిపోయిందనుకున్నాను. రేపు పొద్దున్నే ఊదుగొట్టం కడుక్కోవాలి, లీడియాకి రింగులు ఏరే పళ్ళెం వెతకాలి అని నా బుర్రలో అదే తిరుగుతోంది. జడ్జి మా అత్త వైపు చెయ్యి చూపించాడు. "సరే, మీరు తెచ్చిన సాక్షిని విందాం."

గుమాస్తా కలం ముంచి అడిగాడు. పేరు, క్రిస్టియానె మోర్లోక్. వయసు, అరవై మూడు. ఏం పని చేస్తారు?

"ఏమీ లేదండి. ఇంట్లో ఉంటాను."

గుమాస్తా రాసుకున్నాడు. జడ్జి అడిగాడు.

"కోడలు ఉద్యోగంలో చేరాక ఇల్లు పాడైందా అమ్మా?"

మా అత్త జడ్జి వైపు తిరగలేదు. గుమాస్తా రాసిన కాగితం వంక చూస్తూ ఉంది. ఆవిడకి చదువు రాదు.

"బాబూ, ఇందాక ఏం రాశావు?"

"పని లేదు అని రాశానమ్మా."

"అది కొట్టెయ్యి."

గదిలో అందరం ఆవిడ వంక చూశాం.

"గొలుసులు అతుకుతాను. నలభై ఒక్క ఏళ్ళ నుంచి. పోయిన నెల ఈ పిల్ల కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. ఒకే వంటిల్లు మాది, అయినా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని పరాయిదానిలా అడిగింది. పొద్దున్న ఎన్నింటికి కూర్చుంటావత్తా, రాత్రి ఎన్నింటికి లేస్తావత్తా అని. నాకు నవ్వొచ్చింది. లెక్క కడితే పన్నెండున్నర గంటలు తేలింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు జడ్జిగారూ. కోపమొచ్చింది. ఎవరి మీదో కూడా తెలీదు."

"అమ్మా," అన్నాడు గాట్లీబ్.

"నువ్వాగు. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. ఈ చదువుకున్నమ్మ కాగితం లాక్కోకముందు నా కొడుకు ఓ మాట అన్నాడు. 'దీపం ముందు దగ్గి దగ్గి చచ్చేకంటే బయట తిరగనీ, సరే పెట్టుకోండి' అన్నాడు. నా చెవులతో విన్నాను." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "మంచి మాటరా అది. నువ్వు మంచి మాట అన్న రోజులు నేను మర్చిపోను. దాన్ని కాదనమని నన్ను అడగకు."

గాట్లీబ్ మొహం కందిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆ మాట నేను నేలమాళిగలో ఉన్నప్పుడు అన్నాడు. నా ముందు ఎప్పుడూ అనలేదు.

జడ్జి ముక్కు తుడుచుకున్నాడు. "అన్నారా మోర్లోక్?"

గాట్లీబ్ తల్లి వంక చూశాడు.

"అన్నానండి."

జడ్జి రెండు వాక్యాలు చెప్పాడు, గుమాస్తా రాశాడు. భర్త మొదట సమ్మతించినందువల్ల అర్జీ కొట్టివేయడమైనది. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను గెలిచాను. మా ఊళ్ళో ఏ ఆడదీ కోర్టులో గెలవలేదు. ఆ గెలుపు నా దగ్గర ఎంతసేపు ఉందంటారా, జడ్జి సంతకం మీద సిరా ఆరేంతసేపు.

"జడ్జిగారూ, ఇంకొక్క మాట," అన్నాడు గాట్లీబ్. "కాపురం ఏ ఊళ్ళో పెట్టాలో చెప్పే హక్కు నాదేనా?"

జడ్జి దగ్గుబిళ్ళ చప్పరించడం మానేశాడు.

"మీదే."

"పిల్ల విషయంలో?"

"తల్లి చూసుకుంటుంది. మాట తేడా వస్తే తండ్రి మాటే చెల్లుతుంది. ఎందుకడుగుతున్నారు?"

గాట్లీబ్ అప్పుడు నా వైపు తిరిగాడు. గెలిచినవాడి మొహం కాదది.

"నిన్న సాయంత్రం నన్ను పనిలోంచి తీసేశారు రోజీనె. ఇవాళ ఈ కాగితం రద్దయితే మళ్ళీ రమ్మన్నాడు ఓనరు. కాలేదు. గ్మూండు ఊళ్ళో మా బావ నాకు నగల పనే చూసి ఉంచాడు. వాళ్ళింట్లోనే ఓ గది, రెండు పనిబల్లలు ఇస్తామన్నారు."

రెండు బల్లలు. ఒకటి నాకు, ఒకటి ఎవరికో నేను అడగలేదు.

"లీడియా బళ్ళో ఉంది," అన్నాను. ఏదో ఒకటి అనాలి కనక అన్నాను.

"లేదు. కరోలీనె పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళింది. స్టేషన్లో ఉన్నారు. నేను గెలిస్తే వాళ్ళని ఇంటికి తీసుకొచ్చేద్దామనుకున్నాను. నిజం. పదకొండు యాభైకి బండి."

కరోలీనె నా ఆడపడుచు, ఆ గ్మూండు ఆయన పెళ్ళాం. గడియారం పదకొండు ముప్ఫై అయిదు చూపిస్తోంది.

"వెళ్ళనవసరం లేదు," అంది డాక్టరమ్మ గబగబా. "భర్త ఆ హక్కుని దుర్వినియోగం చేస్తే భార్య వెంట వెళ్ళనక్కర్లేదు, చట్టంలోనే ఉంది. ఇవాళే అర్జీ పెడదాం, నెలలో..."

"నెల రోజులు నా పిల్ల ఎక్కడుంటుందండీ?"

జడ్జి వంక చూశాను. ఆయన కళ్ళు దించుకున్నాడు. గెలిచిన కాగితం బల్ల మీదే ఉంది. తీసుకున్నానో లేదో గుర్తులేదు, తలుపు తీసుకుని పరిగెత్తాను.

*

స్టేషన్ ఎగువన ఉంది. మామూలు మనిషికి పది నిమిషాల నడక. నా ఊపిరికి అది కొండ. రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాను. రొట్టెల కొట్టు దగ్గర ఒకావిడ నీళ్ళు కావాలా అని అడిగింది, నేను చెయ్యి ఊపి ముందుకి పోయాను. డాక్టరమ్మ నా వెనకాల వస్తూ ఏదో చెబుతోంది. అంత చదువుకున్న మనిషీ టోపీ ఊడిపోయి రోడ్డు మీద పరిగెడుతోంది.

బండి నిలబడి ఉంది. నాలుగో తరగతి పెట్టె కిటికీలో లీడియా మొహం. బడి పలక ఇంకా ఒళ్ళోనే ఉంది. నన్ను చూసి నవ్వింది, ఊరికెళ్ళే పిల్లలు నవ్వే నవ్వు.

"అమ్మా, నాన్నేడీ? అత్త నాకు గ్మూండులో సొంత బల్ల ఇస్తానంది."

"దిగు," అన్నాను.

కరోలీనె పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. గట్టిగా ఏమీ పట్టుకోలేదు.

"గొడవ చెయ్యకు వదినా. నువ్వు లాగితే నేను గార్డుని పిలవాలి. గార్డు పోలీసుని పిలుస్తాడు. పిల్ల ఎవరిదని అడిగితే ఏం చెబుతావు?" జేబులోంచి టికెట్లు తీసి చూపించింది. "అన్నయ్య నాలుగు కొన్నాడు. నీది కూడా ఉంది. నిన్ను ఎవరూ వదిలెయ్యడం లేదు."

అది నిజం. నన్ను ఎవరూ వదిలెయ్యడం లేదు. నా టికెట్ నన్ను అడక్కుండానే కొనిపెట్టారు.

వెనకాల గాట్లీబ్, అతని భుజం పట్టుకుని మా అత్త మెట్లెక్కి వస్తున్నారు. డాక్టరమ్మ స్తంభం పక్కన ఆగిపోయింది. నేను వదిలేసి వచ్చిన కాగితం ఆవిడ చేతిలో ఉంది. ఎక్కమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఈసారి నన్నే అడిగింది.

"మీరేం చెయ్యమంటే అది చేస్తాను రోజీనె గారూ. చెప్పండి."

పదహారేళ్ళ కాపురంలో నన్ను ఎవరైనా అలా అడగడం అదే మొదటిసారి. నేను పెట్టె తలుపు కడ్డీ పట్టుకున్నాను.

గార్డు తలుపులు వేసుకుంటూ మా పెట్టె దగ్గరికి వచ్చాడు. నా ఎడమ కాలు మెట్టు మీద ఉంది, కుడి కాలు నేల మీద ఉంది. లీడియా వేళ్ళు కిటికీ అంచు మీద ఉన్నాయి. గోళ్ళ కింద దీపపు మసి, కొత్తది, అప్పుడు కనపడింది. ఇంట్లో బల్ల దగ్గరికి నేను దాన్ని వెళ్ళనిచ్చి అయిదు నెలలైంది.

"ఇదెక్కడిదే?"

"నువ్వు ఊళ్ళు తిరుగుతుంటే సాయంత్రాలు నాన్నమ్మ దగ్గర కూర్చుంటున్నానమ్మా," అంది అది. "నీకు చెప్పొద్దంది. నేను నీకంటే బాగా అతుకుతానంట."

మా అత్త వింది. మెట్ల మీదే ఆగిపోయింది.

గార్డు నా మోచెయ్యి తట్టాడు. "ఎక్కుతారా అమ్మా, దిగుతారా? బండి కదలాలి."